పవర్ ఆఫ్ అటార్నీ (బ్యాంకు ఖాతాలు)

ఒక వ్యక్తి తన తరఫున వ్యవహారాలు నడిపేందుకు మరొకరికి అధికారమిస్తూ రాసే పత్రాన్ని పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. భారతదేశంలో దీనికి 1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఆధారాలు. వృద్ధులైన తల్లిదండ్రుల ఖాతాలను పిల్లలు నడిపేందుకు దీనిని వాడుతుంటారు.

పత్రంలో బ్యాంకు లావాదేవీల అధికారం స్పష్టంగా ఉండాలి. కేవలం ఆస్తి అమ్మకానికి రాసినది సొమ్ము తీయడానికి చాలదు. విదేశంలో రాసినదైతే భారతదేశం చేరిన 3 నెలలలోగా స్టాంపు సుంకం చెల్లించాలి. ఖాతాదారు ఆరోగ్యంగా ఉండగానే స్వయంగా శాఖకు వెళ్ళి, అసలు పత్రం చూపి, ప్రతినిధి నమూనా సంతకాన్ని నమోదు చేయించడం మేలు.

కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం ఖాతాదారు మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ప్రతినిధి అధికారం సాధారణంగా ముగుస్తుంది. అనగా మతిమరుపు వ్యాధి ముదిరి, పత్రంతో నిజంగా పని పడే వేళకే అది చెల్లకుండా పోతుంది. ఆ స్థితిలో బ్యాంకు నిరాకరించడం సిబ్బంది మొండితనం కాదు. కుటుంబసభ్యులు సంరక్షకుని నియామకానికై న్యాయస్థానాన్ని ఆశ్రయించవలసి ఉంటుంది.

ఖాతాదారుకు వివేకం ఉండి, చేయి మాత్రమే సహకరించనప్పుడు ఈ పత్రమే అక్కరలేదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వేలిముద్రను ఇద్దరు సాక్షులు ధ్రువపరిస్తే సొమ్ము తీసుకోవచ్చు. వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలి. 70 ఏళ్ళు పైబడినవారికి నగదు చెల్లింపు వంటి సేవలను ఇంటివద్దనే అందించేందుకు కృషి చేయాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో బ్యాంకులకు సూచించింది.