ముర్రుపాలు, పందిపిల్లలు, ఎల్సీ విడోసన్

మా ఊళ్లో గేదె ఈనితే జున్నుపాలు ఇరుగుపొరుగుకి పంచుతారు. మా అక్క పురుడప్పుడు మాత్రం ముర్రుపాలు పిండి పారబోయించారు, పసిగుడ్డుకి అరగవని. ఎల్సీ విడోసన్ గురించి చదువుతుంటే నాకు మొదట గుర్తొచ్చింది అదే.

1933లో లండన్‌లో ఒక ఆసుపత్రి వంటశాలలో, మెకాన్స్ అనే డాక్టర్‌తో, పళ్లలో చక్కెరకి మీరు వేసిన లెక్క తప్పు అని చెప్పిందామె. ఆమ్లంతో మరిగిస్తే ఫ్రక్టోజ్ కొంత నాశనమైపోతుంది; ఆయన అది చూసుకోలేదు. కోపగించుకోలేదు సరికదా, కలిసి పనిచెయ్యమన్నాడు. 1940లో ఇద్దరూ తెచ్చిన ఆహార పదార్థాల పట్టికలు ఇవాళ్టికీ 'మెకాన్స్ అండ్ విడోసన్' గానే చలామణీ. తప్పు పట్టుకున్న మనిషి పేరు రెండోది!

రిటైరయ్యే వయసులో చేసిన పని నాకింకా ఇష్టం. అప్పుడే పుట్టిన పందిపిల్లల్లో కొన్నిటిని తల్లి దగ్గర వదిలారు, కొన్నిటికి నీళ్లే పట్టారు. 24 గంటల తర్వాత కోసి పేగులు తూచారు. (ఆ పిల్లల ప్రాణాలు తీసి తెలుసుకున్న సంగతి ఇది, మర్చిపోలేను.) పాలు తాగినవాటి పేగులు ఒక్కరోజులోనే బాగా బరువెక్కాయి. నీళ్లు తాగినవాటివి అలా పెరగలేదు. 1976లో ఇది అచ్చయింది. రాయల్ సొసైటీ ఆమెని ఫెలోగా ఎన్నుకున్నదీ ఆ ఏడాదే, డెబ్భై దగ్గరపడ్డాక.

అరగవని పారబోసిన పాలే అరిగించుకునే పేగుని పెంచుతాయన్నమాట. అక్కకి ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"రెండోవాడికి పట్టాన్లేవే, అత్తయ్య చూడకుండా" అంది.