సృష్టికర్త వద్దన్నా ఆగని పద్దు

బిట్‌కాయిన్ వాడాలంటే ఎవరినైనా అడగాలా? ఈ ప్రశ్న తొలిసారి గట్టిగా ఎదురైంది 2010 డిసెంబరులో. అమెరికా దౌత్య సందేశాలను బయటపెట్టిన వికీలీక్స్‌కు వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ వరసగా చెల్లింపులు ఆపేశాయి. చందాలు బిట్‌కాయిన్‌లో తీసుకుంటే సరిపోతుంది కదా అన్నారు కొందరు. వద్దని బతిమాలినవాడు దాన్ని సృష్టించిన సతోషి నకమోటోయే. ఇంకా పాలు మరవని వ్యవస్థ, ప్రభుత్వాల ఆగ్రహానికి తట్టుకోలేదని ఆయన భయం. కానీ బతిమాలడం తప్ప ఆయన చేయగలిగింది లేదు. ఫలానావారిని ఆపే అధికారం తాను రాసిన ప్రోగ్రాములో తనకూ ఉంచుకోలేదు. ఆ హెచ్చరిక సబబే అనిపించి కొన్నాళ్లు ఆగామని వికీలీక్స్ స్థాపకుడు అసాంజ్ తర్వాత చెప్పాడు. 2011 జూన్‌లో వికీలీక్స్ ఎవరినీ అడక్కుండానే బిట్‌కాయిన్ చందాలు మొదలుపెట్టింది. పెద్దవాళ్ల మాట మన్నించడం ఒకటి, వాళ్ల సంతకం కోసం పడిగాపులు పడటం మరొకటి.

ఇందులో మాయేమీ లేదు. ఖాతాకు తాళంచెవి ఒక పెద్ద సంఖ్య. దాన్ని ఎవరి కంప్యూటర్లో వాళ్లే తయారుచేసుకుంటారు. ఆ తాళంచెవితో పెట్టిన సంతకం సరిపోయిందా, ఆ సొమ్ము ముందే ఖర్చయిందా అని నెట్‌వర్క్ చూస్తుంది, పేరు అడగదు. మరి లావాదేవీలను పద్దులోని బ్లాకుల్లో చేర్చే మైనర్ల దయ అక్కర్లేదా? ఒకరు కాదంటే రుసుము కోసం ఇంకొకరు చేరుస్తారు. శాశ్వతంగా ఆపాలంటే సగానికి మించిన మైనింగ్ శక్తి ఏకమై, మిగతావాళ్ల బ్లాకులనూ తోసిపుచ్చాలి. 2022లో మైనర్లను వదిలించుకున్న ఇథీరియం అనే మరో నెట్‌వర్క్‌లోనూ ఆ ఏడాది ఇలాంటిదే జరిగింది. లావాదేవీల జాడ దాచే టోర్నడో క్యాష్‌పై అమెరికా ఆంక్షలు పెట్టాక చాలా బ్లాకులు ఆ లావాదేవీలను వదిలేశాయి. అవి ఆలస్యంగానైనా వేరే బ్లాకుల్లో చేరాయి.

చట్టం సంగతేమిటన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. అనుమతి అక్కర్లేదంటే శిక్ష ఉండదని కాదు. అయితే చట్టం ఎక్కడ పట్టుకుంటుందో చూడాలి. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది బిట్‌కాయిన్‌కు కాదు, బ్యాంకులకు: క్రిప్టో వ్యాపారులకు సేవలు ఆపమని. ఎక్స్ఛేంజీలు విలవిల్లాడాయి, కొన్ని మూతపడ్డాయి; బ్లాకులు మాత్రం ఎప్పటిలాగే సగటున పది నిమిషాలకొకటి వస్తూనే ఉన్నాయి. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. ప్రభుత్వం తర్వాత పన్ను దారి పట్టింది: లాభంపై 30 శాతం, 2022 జూలై నుంచి అమ్మకపు సొమ్ములో 1 శాతం టీడీఎస్. ఎక్స్ఛేంజీలో అమ్మితే ఆ కోత వేసేది ఎక్స్ఛేంజీయే.