కాలిన క్షణం నుంచే లెక్క

1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోవి. జిల్లా పెద్దాసుపత్రి అంటే నల్లమల కనుమ దాటి, నంద్యాల మీదుగా కర్నూలు. జిల్లా మారాక దారి తూర్పుకు తిరిగిందే తప్ప దూరం తీరలేదు. మార్కాపురం నుంచి ఒంగోలు 90 కిలోమీటర్ల పైమాట, గిద్దలూరు నుంచైతే 130 పైనే. ఒళ్లు కాలిన పసివాడికి ఈ దూరమే ప్రాణాంతకం.

ఎందుకంటారా? కాలిన ఒంట్లోంచి నీరు, ఉప్పు గంటగంటకూ దిగిపోతాయి. పిల్లల తల పెద్దది, కాళ్లు చిన్నవి కాబట్టి ఎంత ఒళ్లు కాలిందో పెద్దల కొలతతో తేల్చకూడదని లండ్, బ్రౌడర్ అనే వైద్యులు 1944లోనే వయసువారీ పటం గీశారు. ఏడాది లోపు బిడ్డకు తల ఒక్కటే ఒంట్లో దాదాపు ఐదో వంతు. 1968లో డల్లాస్ పార్క్‌లాండ్ ఆసుపత్రి వైద్యుడు బాక్స్టర్ సెలైన్ లెక్క చెప్పారు. 10 కిలోల బిడ్డకు 20 శాతం కాలితే మొదటి రోజు 800 మిల్లీలీటర్లు, అందులో సగం తొలి 8 గంటల్లో ఎక్కాలి. పసివాళ్లకు రోజూ కావలసిన ద్రవం దీనికి అదనం. ఆ 8 గంటలు ఆసుపత్రి గడప తొక్కినప్పటి నుంచి కాదు, కాలిన క్షణం నుంచి. దారిలో నాలుగు గంటలు పోతే ఆ 400 మిల్లీలీటర్లూ మిగిలిన నాలుగు గంటల్లోనే ఎక్కించాలి.

ఇంట్లో ముప్పు నేల మీదే ఉండేది. మూడు రాళ్ల పొయ్యి, వార్చిన గంజి, దించిన సాంబారు గిన్నె, స్నానానికి కాచిన నీళ్లు, అన్నీ పాకే బిడ్డ చేతికందేవే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల గ్యాసు తెచ్చాక చాలా ఇళ్లలో పొయ్యి గట్టెక్కింది. వేడినీళ్ల బకెట్టు మాత్రం ఇంకా కిందే ఉంది.

2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ బండికీ వైద్యానికీ దారి చూపాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో పెద్ద మలుపు 108దే. మార్కాపురంలో వైద్య కళాశాలకు 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. అక్కడ పిల్లలకు కాలిన గాయాల వార్డు కావాలని ఈ ప్రాంతం గట్టిగా అడగాలి.

అంతవరకూ మొదటి వైద్యం అమ్మానాన్నలదే. సిరా, పసుపు, పేస్టు, గుడ్డుసొన పూయకండి. పూస్తే గాయం లోతు డాక్టరుకు కనిపించదు, కడిగేటప్పుడు బిడ్డ నరకం చూస్తుంది. కాలినచోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పారనివ్వండి, ఐసు వద్దు. మిగతా ఒళ్లు చల్లబడకుండా కప్పండి. గాయం మీద శుభ్రమైన గుడ్డ వేసి, 108కి ఫోన్ చేయండి. ఎన్ని గంటలకు కాలిందో డాక్టరుకు తప్పక చెప్పండి.