నీళ్లలో పడ్డ బంతి

2022 ఫిబ్రవరిలో ఒక ఆదివారం. అమెరికాలో అరిజోనా రాష్ట్రం, స్కాట్స్‌డేల్. ఫీనిక్స్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ చివరి రౌండ్. అందరికంటే ముందున్న ఆటగాళ్లలో ఒకడిగా ఇరవై నాలుగేళ్ల సాహిత్ తీగల పదిహేడో హోల్ దగ్గర నిలబడ్డాడు. దూరం 330 గజాల పైచిలుకు. దమ్ముంటే ఒక్క దెబ్బకే జెండా ఉన్న గ్రీన్ చేరొచ్చు. డ్రైవర్ కర్ర తీసి కొట్టాడు. బాగానే కొట్టాడు. బంతి గ్రీన్ ముందు పడి, ఎడమకు గెంతి, దొర్లుకుంటూ వెళ్లి నీళ్లలో మునిగింది.

ఒక్క దెబ్బ తేడాతో ప్లేఆఫ్ పోయింది. మూడో స్థానంతో సరిపెట్టుకుని బయటికొచ్చిన కొడుకును అమ్మానాన్నలు దగ్గరికి తీసుకుంటే, అంతమంది ముందూ ఏడ్చేశాడు.

మా పాల్వంచలో గోల్ఫ్ కర్ర పట్టినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. కేటీపీఎస్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాల నీడన పెరిగిన మాకు ఆటంటే క్రికెట్, వాలీబాల్. కానీ కటాఫ్ అంటే ఏమిటో మాకెవరూ చెప్పక్కర్లేదు. అర మార్కుతో సర్కారు నౌకరీ తప్పిపోయినవాళ్లు వీధికొకరున్నారు. హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు దంపతుల బిడ్డ ఈ సాహిత్. అతను అక్కడిదాకా ఎలా వచ్చాడో చదువుతుంటే నాకు మా వీధే గుర్తొచ్చింది.

అమెరికాలో పెద్ద గోల్ఫ్ పోటీల వరుసైన పీజీఏ టూర్‌లో ఆడాలంటే సభ్యత్వ కార్డుండాలి. దానికోసం 1965లో క్వాలిఫయింగ్ స్కూల్ పెట్టారు. పేరుకే స్కూలు, పాఠాలుండవు, ఉన్నదంతా పరీక్షే. ఆఖరి దశలో ఆరు రౌండ్లు, 108 హోల్స్ ఆడించేవాళ్లు. 2013 నుంచి రూలు మారింది. స్కూల్ గట్టెక్కినా దక్కేది కింది మెట్టు, అంటే ఇప్పటి కార్న్ ఫెర్రీ టూర్. అక్కడ నెగ్గుకొస్తేనే పైకి దారి ఉండేది.

సాహిత్‌కు చిన్నప్పుడే వెన్నెముక వంకర. కాలేజీలో మణికట్టు గాయంతో ఒక సీజన్ గల్లంతు. అయినా 2020లో పెప్పర్‌డైన్ యూనివర్సిటీ నుంచి బయటికొచ్చేసరికి కాలేజీ గోల్ఫ్‌లో పెద్ద అవార్డులైన హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ మూడూ సాహిత్‌వే. ఇక పరీక్ష రాయడమే తరువాయి. కరోనా వచ్చి ఆ ఏడు పరీక్షే రద్దయింది! నోటిఫికేషన్ల కోసం ఏళ్లు ఎదురుచూసే మనవాళ్లకు ఆ కడుపుమంట తెలుసు.

ఇక మిగిలింది పక్కదారి. కార్డు లేని ఆటగాణ్ణి స్పాన్సర్లు పిలవొచ్చు గానీ, సీజన్‌కు ఏడుసార్లకు మించి కుదరదు. ఆ కొద్ది అవకాశాల్లోనే, సభ్యుల జాబితాలో రెండొందలో స్థానంలో ఉన్నవాడికి తగ్గకుండా పాయింట్లు పోగెయ్యాల్సి ఉండేది. అప్పుడే కార్న్ ఫెర్రీ ఫైనల్స్‌లో చోటు దక్కేది. 2021లో ఆ ఫైనల్స్ మూడు టోర్నీలు, కార్డులు 25. సాహిత్ ఒకటి పట్టేశాడు.

కార్డొచ్చినా తిప్పలు తీరలేదు. కొత్తగా వచ్చినవాళ్లు వరుసలో చివరన నిలబడాలి, ముందువాళ్లు పోగా ఖాళీ మిగిలితేనే ఆట. ఫీనిక్స్‌లో ఆడింది కూడా స్పాన్సర్ పిలుపు మీదే. ఆ సంగతి తెలిశాక ఆ ఏడుపు ఎందుకంత పొంగుకొచ్చిందో నాకు అర్థమైంది. గెలిచి ఉంటే రెండేళ్లకు పైగా కార్డు బెంగే ఉండేది కాదు మరి.

ఐదు నెలలు తిరక్కుండానే ఇంకో దెబ్బ. ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్‌లో ఆఖరి హోల్‌కు వచ్చేసరికి ఒక దెబ్బ ముందున్నాడు. బంతి ఇసుక బంకర్‌లో పడింది. బయటికి తీయబోతే రాలేదు. డబుల్ బోగీ, అంటే ఆ హోల్‌కు పెట్టిన లెక్క (పార్) కంటే రెండు దెబ్బలు ఎక్కువ. గెలుపు చేజారింది.

2023 సెప్టెంబరు 17. కాలిఫోర్నియాలో నాపా, సిల్వరాడో మైదానం, ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్. పార్‌కు 21 దెబ్బలు తక్కువలో ముగించి, రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. గ్రీన్ పక్కనే ఇంటిల్లిపాదీ ఉన్నారు.

అదే ఏడు డిసెంబరులో పాత స్కూల్ పద్ధతికి మళ్లీ తలుపులు తీశారు. మొదటి ఐదు స్థానాల్లో నిలిచినవాళ్లకు నేరుగా కార్డు. ఆ హాల్ టికెట్‌తో సాహిత్‌కు అప్పటికే పనిలేకపోయింది.