సభ్యుడా, వినియోగదారుడా? సిరిసిల్ల విద్యుత్ సహకార సంఘం

బహ్రెయిన్ ద్వీపపు వాయవ్య తీరంలో బుదైయా ఉంది. ఒకప్పుడు ఊటనీటితో ఖర్జూర తోటలు పెరిగిన ప్రాంతమిది. ఇప్పుడు మనామా నుంచి వచ్చే దారి పొడవునా విల్లాలు, దుకాణాలు. వేసవిలో ఏసీ ఆగితే అక్కడ మనిషి బతకడం కష్టం. ఆ కరెంటు ప్రభుత్వ సంస్థది. 2016 నుంచి ప్రభుత్వం విదేశీయులకిచ్చే రాయితీని దశలవారీగా తగ్గించి, 2019 నాటికి యూనిటు ధర 29 ఫిల్సులకు చేర్చింది. ధర మారినప్పుడు అక్కడ అద్దెకుండేవాడికి అందేది కొత్త బిల్లు మాత్రమే. అతని అభిప్రాయం అడిగే ఏర్పాటేదీ లేదు.

బహ్రెయిన్‌లో పనిచేసే తెలంగాణ కార్మికుల్లో పాత కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్లు ఎక్కువ. వారిలో వేములవాడ, గంభీరావుపేట, కోనరావుపేట వైపు నుంచి వచ్చినవాళ్ల సంగతి కొంచెం వేరు. వాళ్ల స్వగ్రామాల్లో కరెంటు సరఫరా చేసేది ప్రభుత్వ పంపిణీ కంపెనీ కాదు. వినియోగదారులే వాటాలు కొని సభ్యులైన ఒక సహకార సంఘం. దాని పూర్తి పేరు సహకార విద్యుత్ సరఫరా సంఘం. ఊళ్లో అందరూ ఇంగ్లీషు పొడి అక్షరాలతో 'సెస్' అంటారు. కొత్తవాళ్లు అదేదో పన్ను అనుకుంటారు. దుబాయిలో, బహ్రెయిన్‌లో ఇరవై ఏళ్లు కష్టపడి ఒక్క స్క్వేరు ఫీటుకు కూడా యజమాని కాలేని మనిషి, ఊళ్లో మాత్రం కరెంటు కంపెనీకి చట్టరీత్యా లక్షమందిలో ఒక యజమాని. ఆ యాజమాన్యానికి ఐదు దశాబ్దాల్లో ఏ అర్థం మిగిలింది, ఏది జారిపోయింది అన్నదే ఈ సంఘం చరిత్ర.

ఈ ఆలోచన పుట్టింది అమెరికాలో. 1930ల నడుమ అక్కడి పట్టణాల ఇళ్లలో పదింట తొమ్మిదింటికి కరెంటుంటే, పొలాల మధ్య ఇళ్లలో పదింట ఒకదానికే ఉండేది. మైలుకు రెండు మూడు ఇళ్లున్నచోట తీగ లాగితే పెట్టుబడి తిరిగి రాదని ప్రైవేటు కంపెనీల లెక్క. 1935 మేలో రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పాడు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. ప్రభుత్వం తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక అప్పు ఇస్తుంది, రైతులు సంఘం పెట్టుకుని తీగ లాక్కుంటారు. అప్పు తీసుకునేటప్పుడు ఒక షరతు: లాభమొచ్చే ఇళ్లను ఏరుకోకూడదు, ఆ ప్రాంతంలో అడిగిన ప్రతివారికీ కరెంటివ్వాలి. ఆ సంఘాల జాతీయ సమాఖ్య 1942లో ఏర్పడింది. 1962 నుంచి అమెరికా విదేశీ సహాయ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని ఈ నమూనాను ఇతర దేశాలకు తీసుకెళ్లింది.

భారతదేశంలో అది అడుగుపెట్టడానికి కారణం కరువు. 1965, 1966 సంవత్సరాల వర్షాభావం తరవాత, పల్లెకు కరెంటంటే వీధి దీపం కాదు, బావి మీద మోటారు అన్న ఎరుక ప్రణాళికా కర్తలకు కలిగింది. వెంకటప్పయ్య అధ్యక్షతన ఏర్పడ్డ గ్రామీణ పరపతి సమీక్షా సంఘం దీనికొక ప్రత్యేక సంస్థ కావాలన్నది. 1969 జులైలో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఏర్పడింది. అప్పటికి దేశంలోని ఐదున్నర లక్షలకు పైబడ్డ గ్రామాల్లో కరెంటున్నవి డెబ్బై వేల చిల్లర. అమెరికా గోధుమలకు మనం రూపాయల్లో చెల్లించిన సొమ్ము, పీఎల్-480 నిధి, కార్పొరేషన్ తొలి పెట్టుబడిలో చేరింది. ప్రయోగాత్మకంగా ఐదు చోట్ల సహకార సంఘాలు పెట్టారు: ఉత్తరప్రదేశ్‌లో లక్నో సమీపాన, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ములా-ప్రవర, మైసూరు రాష్ట్రంలో హుక్కేరి, ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్ల.

అప్పటి సిరిసిల్ల తాలూకా మెట్ట ప్రాంతం. మానేరు పారే నేలే అయినా, ఏటి నీరు అందేది కొద్దిమందికే. మిగిలినవారికి చెరువు, లేదా మోట కొట్టే బావి. రెండెడ్లు, ఒక మనిషి తెల్లవారుజాము నుంచి మోట తోలితే తడిసేది ఎకరంలో కొంత భాగం. ఆయిలు ఇంజను కొనగలిగినవాడు ఊళ్లో పెద్ద రైతు. 1970లో సంఘం పని మొదలుపెట్టింది. రాష్ట్ర విద్యుత్ బోర్డు నుంచి కరెంటును టోకున కొనడం, తన స్తంభాలు, తన తీగలు, తన ట్రాన్స్‌ఫార్మర్ల ద్వారా ఊళ్లకు చేర్చడం, బిల్లు వసూలు చేసుకోవడం దాని పని. కనెక్షన్ కావాలంటే వాటా కొనాలి. వాటా కొన్నవాడికి మహాజన సభలో మాట, పాలకవర్గం ఎన్నికలో ఓటు. వాటాలెన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు.

ఆ ఏర్పాటులోని లాభం కాగితం మీద కంటే నేల మీదే బాగా కనిపిస్తుంది. ప్రధాన కార్యాలయం సిరిసిల్లలోనే ఉంది. డైరెక్టరు పక్క ఊరివాడు, పెళ్లిలోనో పంచాయతీలోనో ఎదురుపడే మనిషి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతు అడగవలసింది వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఇంజనీరును కాదు, ఓటడిగి గెలిచిన ఈ మనిషిని. నాట్లేసిన పొలానికి వారం రోజులు నీళ్లందకపోతే పంట పోతుంది. ఆ వారంలో దూరం, దగ్గర అన్నవే అసలు లెక్క. పంపిణీ సంస్థల పనితీరును నష్టాల శాతంతోనే కొలిచే నివేదికల్లో ఈ విషయానికి గడి ఉండదు.

అయితే ఊరి సంఘం ఊరి సమాజం కంటే మెరుగ్గా ఉండాలనుకోవడం అమాయకత్వం. మోటారు పెట్టాలంటే బావి ఉండాలి, బావికి భూమి ఉండాలి. తొలినాళ్ల వ్యవసాయ సభ్యత్వం భూమి ఉన్నవాడిదే. సంఘం వచ్చిన ఎనిమిదేళ్లకు, 1978 అక్టోబరులో, రైతు కూలీల ఉద్యమం ఉధృతమైన సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వెట్టి, పాలేరు జీతాలు, దొరల ఆధీనంలోని భూములు ఆ ఉద్యమానికి కారణాలు. అమెరికన్ నమూనా రైతులందరూ ఇంచుమించు సమానులైన చోట పుట్టింది. మనిషికొక ఓటన్న సూత్రం దొర గడి ముందు ఎంతవరకు నిలుస్తుందో ఆ నమూనా ఊహించలేదు. అయినా ఆ గడబిడ దశాబ్దాలన్నిటా సంఘం మూతపడలేదు. తీగలు పల్లెపల్లెకూ పాకాయి.

కరెంటు మార్చింది పొలాన్నే కాదు. సిరిసిల్ల పట్టణంలో చేమగ్గాల స్థానంలో మరమగ్గాలు వచ్చాయి. వాటిని అక్కడ సాంచెలంటారు. వేల సాంచెలు పగలూ రాత్రీ ఆడే పట్టణానికి కరెంటు ముడిసరుకులాంటిది. తెల్లగుడ్డ ధర పడిపోయి, అప్పులు పెరిగి, 1990ల చివరి నుంచి నేతన్నల ఆత్మహత్యలతో సిరిసిల్ల పేరు పత్రికలకెక్కినప్పుడు ప్రభుత్వం చేసిన సాయాల్లో ఒకటి మరమగ్గాలకు సగం ధరకు కరెంటు. నిర్ణయం ప్రభుత్వానిది, తక్కువ బిల్లు కొట్టవలసింది సంఘం, తేడా సొమ్ము తరవాత ఖజానా నుంచి రావాలి. ఆ తరవాత ఎప్పుడన్నదానిమీదే సంఘం జమాఖర్చులు వేలాడాయి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి సాంచెలు కొంత ఊపిరి పీల్చుకున్నా, కరెంటు బాకీల తగవు తీరలేదు.

అసలు మలుపు మాత్రం అంతకు ముందే, పొలంలో జరిగింది. 1980ల ఆరంభంలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మోటార్లకు మీటరు లెక్క మానేసి హార్స్‌పవర్‌కు ఇంత అన్న పద్ధతికి మారింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం దాన్ని ఏడాదికి 50 రూపాయలు చేసింది. 2004 మేలో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం వ్యవసాయ విద్యుత్తును ఉచితం చేసింది. తెలంగాణ 2018 జనవరి నుంచి ఇరవైనాలుగు గంటలూ ఇస్తామన్నది. కరువు సీమలో బోరుబావి అప్పుతో నలిగిన రైతుకు ఇది ఊరట. కానీ సహకార సంఘం వైపు నుంచి చూస్తే, సభ్యుడికీ సంఘానికీ మధ్య బిల్లనే తాడు తెగింది. ఎన్ని యూనిట్లు వాడానో తెలియని సభ్యుడు, ఎన్ని యూనిట్లు ఇచ్చానో అంచనా వేసే సంఘం, ఇద్దరికీ కలిపి డబ్బు కట్టే ప్రభుత్వం. డబ్బు ఎటునుంచి వస్తే సంఘం చూపు అటే తిరుగుతుంది. టోకు ధర నిర్ణయించే నియంత్రణ మండలి కూడా, వ్యవసాయం ఎక్కువ, రాబడి తక్కువ అన్న కారణంతో సంఘానికి తక్కువ ధర పెట్టవలసి వచ్చింది. అలాంటి లెక్కలో లాభమొచ్చినా నష్టమొచ్చినా, అందులో సంఘం సామర్థ్యం పాలెంతో విడదీసి చెప్పడం కష్టం.

మీటరు పోయిన పొలాల్లో మరో ఖర్చు ఉంది, అది ఏ పద్దులోకీ ఎక్కదు. ఇరవైనాలుగు గంటల సరఫరా రాకముందు తెలుగునాట అన్ని సంస్థల పరిధిలోనూ వ్యవసాయానికి కరెంటు రెండు విడతల్లో, ఒక విడత తరచు అర్ధరాత్రి వచ్చేది. రైతు చీకట్లో, తడి గట్టు మీద, చెప్పుల్లేని కాళ్లతో స్టార్టరు దగ్గరికి వెళ్లేవాడు. పొడిచర్మం కరెంటును చాలావరకు నిరోధిస్తుంది. తడిచర్మం ఆ పని చేయలేదు. మన సరఫరాలోని యాభై ఆవృత్తుల ప్రత్యావర్తన ప్రవాహం చేతి కండరాలను బిగించేస్తుంది. పట్టుకున్న తీగను వదిలించుకోవాలన్నా వేళ్లు విప్పుకోవు. ఛాతీ మీదుగా ప్రవహిస్తే గుండె లయ తప్పి అల్లాడుతుంది, ఆ అల్లాటలో రక్తం బయటికి రాదు. మెదడుకు మిగిలేది నాలుగైదు నిమిషాలు. ఫ్యూజు పోయినప్పుడు లైన్‌మన్ కోసం చూడలేక ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కినవాళ్లు ఇలాగే పోయారు. నడిచి చేరగల దూరంలో ఒక హెల్పర్ ఉండటం సేవానాణ్యతకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. సహకార సంఘాన్ని అంచనా కట్టేవాళ్లు ఈ లెక్కా చూడాలి.

సిరిసిల్ల తరవాత రాష్ట్రంలో అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం, కదిరి తూర్పు, కదిరి పడమర, రాయచోటి, ఆత్మకూరు, జోగిపేటల్లో ఇలాంటి సంఘాలు వచ్చాయి. తొమ్మిదింటిలో ఐదు తిరిగి ప్రభుత్వ సంస్థల్లో కలిసిపోయాయి. తొలి ఐదు ప్రయోగాల్లో ములా-ప్రవర, రాష్ట్ర సంస్థకు పడ్డ భారీ బాకీల నడుమ 2011లో లైసెన్సు ముగిసి మూతపడింది. హుక్కేరి నిలిచింది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం సహకార సంఘానికి లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చేది నియంత్రణ మండలి, అదీ ప్రభుత్వ సిఫార్సు మీద. అనకాపల్లి, కుప్పం సంఘాలను పంపిణీ కంపెనీలు తమ అధీనంలోకి తీసుకోవాలని 2021లో ఆంధ్రప్రదేశ్ నియంత్రణ మండలి ఆదేశించినప్పుడు ఆ మినహాయింపు ఎంత సన్నని దారమో తెలిసింది. వేలమంది సభ్యుల ఆస్తి ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకు జవాబు మహాజన సభ తీర్మానంలో లేదు, పొడిగింపు దరఖాస్తులో ఉంది.

బంగ్లాదేశ్ ఇదే అమెరికన్ సలహాదారుల తోడ్పాటుతో 1977లో మరో దారి పట్టింది. ఒక జాతీయ మండలి కింద పల్లీ విద్యుత్ సమితులను దేశమంతటా పరచింది. ఇప్పుడు ఎనభై సమితులు ఆ దేశపు గ్రామాలకు కరెంటిస్తున్నాయి. అక్కడ మండలి పెత్తనం ఎక్కువని విమర్శ ఉంది. ఇక్కడ ఒంటరి సంఘానికి దన్ను లేదు.

సిరిసిల్లలో సంఘం బతికే ఉంది. ఎన్నికలు కూడా బతికే ఉన్నాయి, అవసరమైనదానికంటే ఎక్కువగానే. 2022 డిసెంబరులో పదిహేను డైరెక్టర్ స్థానాలకు జరిగిన పోలింగును పార్టీలు శాసనసభ ఎన్నికలకు ముందస్తు పరీక్షలా నడిపాయి. మంత్రులు, పార్టీ అధ్యక్షులు దాని గురించి మాట్లాడారు. కొత్త సబ్‌స్టేషను ఎక్కడ, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నాళ్లలో మార్చాలి, మగ్గాల బాకీ ఎవరు భరించాలి అన్న ప్రశ్నలు జెండాల వెనక్కి పోయాయి. దీన్ని రాజకీయాల కాలుష్యమని కొట్టేయడం తేలిక. ఆ ఓటుకు విలువ లేకపోతే పార్టీలు దానికోసం ఇంత కొట్టుకోవన్నదీ నిజమే.

ఈ వ్యాసం చదివే కొందరి ఇంటి చిరునామాకు కూడా ఇలాంటి ఓటు వస్తూ ఉంటుంది. టెక్సస్‌లో తెలుగువాళ్లు స్థిరపడ్డ శివారు ప్రాంతాల్లో కొన్ని విద్యుత్ సహకార సంఘాల పరిధిలో ఉన్నాయి. ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్‌లలో కొంత భాగానికి కోసర్వ్, ఆస్టిన్ ఉత్తరాన లియాండర్ వైపు పెడర్నాలెస్. ఆ రాష్ట్రంలో చాలా ప్రాంతాలకు 2002లో కంపెనీని ఎంచుకునే వీలు వచ్చినా సహకార సంఘాలు దానిలో చేరనక్కర్లేదు. అందుకే అక్కడివాళ్లకు కంపెనీని మార్చే వీలు లేదు, పాలకవర్గాన్ని మార్చే వీలే ఉంది. 1938లో లిండన్ జాన్సన్ పూనికతో మొదలైన పెడర్నాలెస్‌లో దశాబ్దాల తరబడి పాలకవర్గం తనను తానే కొనసాగించుకుంది. 2007లో కొందరు సభ్యులు దావా వేశాకే బహిరంగ ఎన్నికలొచ్చాయి. ఇప్పుడు అక్కడి సభ్యుడు తపాలాలోనో ఇంటర్నెట్‌లోనో ఓటు వేయవచ్చు. సిరిసిల్ల సంఘంలో ఓటరు స్వయంగా పోలింగు కేంద్రానికి రావాలి. బుదైయాలో తోటపని చేసుకునే సభ్యుడి పేరు జాబితాలో ఉంటుంది, అతని ఇంటి బిల్లు అతను పంపే డబ్బుతోనే కట్టుకుంటారు, పోలింగు రోజున అతని పేరు ఎదుట సంతకం మాత్రం పడదు.