గ్రాంట్ వుడ్ ‘ఫాల్ ప్లౌయింగ్’ చిత్రం: చారిత్రక సాక్ష్యంగా పరిశీలన

1. ఉపోద్ఘాతం:
పల్లె జీవితాన్ని చూపే ప్రకృతిదృశ్య చిత్రాలను ఆయా కాలాల వ్యవసాయ స్థితికి సాక్ష్యాలుగా స్వీకరించడం చరిత్ర రచనలో తరచుగా కనిపిస్తుంది. అటువంటి సాక్ష్యానికి గల పరిమితిని, ప్రయోజనాన్ని అమెరికన్ చిత్రకారుడు గ్రాంట్ వుడ్ 1931లో చిత్రించిన తైలవర్ణచిత్రం ‘ఫాల్ ప్లౌయింగ్’ (శరత్కాలపు దుక్కి) ద్వారా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చిత్ర స్వరూపం:
చిత్రం ముందుభాగంలో ఒక ఉక్కునాగలి దుక్కి మధ్యలో నిలిచి ఉంది. మేడి పట్టే మనిషి లేడు. నాగలిని లాగే గుర్రాలూ లేవు. దూరాన గుండ్రని మిట్టలపై వరుసలు తీరిన మొక్కజొన్న చొప్పకుప్పలు, ఇల్లు, కొట్టం కనిపిస్తాయి. సమృద్ధి ఉంది, శ్రమ చేసేవారు లేరు.

3. నాగలి చరిత్ర:
ప్రెయిరీ గడ్డిభూముల జిగురు నల్లమట్టి పోత ఇనుప నాగళ్లకు అంటుకొని, దున్నకానికి ఆటంకమయ్యేది. 1837లో ఇల్లినాయ్‌లో జాన్ డీర్ అనే కమ్మరి నున్నని ఉక్కుతో చేసిన నాగలి ఈ ఇబ్బందిని తీర్చింది. 1832 యుద్ధంలో ఓటమి తరువాత సాక్, మెస్క్వాకీ తెగలు తూర్పు అయోవా భూములను వదులుకోవలసి వచ్చింది. ఆ భూములు వలస రైతుల పొలాలయ్యాయి. అయోవాలోని ఎత్తైన గడ్డి ప్రెయిరీలో నేడు మిగిలినది వెయ్యోవంతు కన్నా తక్కువ. చిత్రంలోని ప్రశాంతత వెనుక ఈ రెండు నష్టాలూ ఉన్నాయి.

4. సమకాలీన స్థితి:
1931 నాటికి రైతు వెనుక నడుస్తూ దున్నే నాగలి పాతబడి, ట్రాక్టర్లు వ్యాపిస్తున్నాయి. ఆర్థికమాంద్యంలో పంట ధరలు పతనమై, తాకట్టు పొలాలు వేలానికి వచ్చాయి. 1932లో అయోవా రైతులు సరుకు అమ్మకం నిలిపివేసి, రహదారులను అడ్డగించారు. 1933 ఏప్రిల్‌లో లెమార్స్ పట్టణంలో జప్తులు ఆపుతానని మాట ఇవ్వని న్యాయమూర్తిని రైతులు న్యాయస్థానం నుండి ఈడ్చుకువెళ్లి, ఉరితాడుతో బెదిరించారు. ఆ ప్రాంతంలో సైనిక శాసనం అమలైంది. ఈ సంక్షోభపు ఛాయ చిత్రంలో లేదు.

5. ముగింపు:
1891లో అనమోసా సమీపంలోని పొలంలో పుట్టిన వుడ్, 1901లో తండ్రి మరణించడంతో కుటుంబంతో సీడర్ రాపిడ్స్ పట్టణానికి చేరాడు. అందువల్ల చిత్రంలోని నాగలిని అతని బాల్యస్మృతికి చెందినదిగా భావించడం సమంజసం. 1931 నాటి సేద్యానికి ఈ చిత్రం బలహీనమైన సాక్ష్యం. అయితే పొలాలు చేజారుతున్న కాలంలో ఒక కళాకారుడు ఏ గతాన్ని నిలుపుకోదలచాడో తెలిపే బలమైన సాక్ష్యం. చిత్రంలో ఉన్నవాటితో పాటు లేనివాటిని కూడా లెక్కించినప్పుడే చిత్రాలు చరిత్రకు ఆధారాలు కాగలవు.