యూనివర్సిటీ మా దగ్గరికి వచ్చిన దారి

మా నాయన నందికొట్కూరులో బేల్దారి మేస్త్రీ. నాలుగో తరగతితో బడి మానేసినాడు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకరింటి వరండాకు బేతంచెర్ల బండలు పరిచే పని ఒప్పుకున్నాడు. పొడవు 21 అడుగులు, వెడల్పు 8 అడుగుల 9 అంగుళాలు. బండలన్నీ చదరంగా, వీలైనంత పెద్దవిగా, ఒకే సైజులో ఉండాలని, ఒక్కటీ ముక్క చేయకూడదని ఇంటాయన పట్టు. నాయన దారం తీసి వెడల్పు కొలిచి, ఆ కొలతను పొడవు మీద రెండుసార్లు వేసినాడు. 42 అంగుళాలు మిగిలింది. ఆ 42ను వెడల్పు మీద రెండుసార్లు వేస్తే 21 మిగిలింది. 21ని 42 మీద వేస్తే ఇంకేం మిగల్లేదు. "21 అంగుళాల బండ కోయించుకో సామీ" అన్నాడు. ఇదంతా బీడీ కాలినంత సేపట్లో అయిపోయింది.

అది గ.సా.భా. కనుక్కోవడమేనని నాకు అక్కడే తట్టింది. భాగహార పద్ధతి బడిలో చెప్పినదే. కానీ చివరికి మిగిలినదే సరైన జవాబు ఎందుకవుతుందో బడిలో ఎవరూ చెప్పలేదు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ రాసిపెట్టిన ఆ కారణం తెలుసుకోవడానికి నేను అనంతపురం దాకా పోవాల్సి వచ్చింది. నందికొట్కూరు నుంచి కర్నూలు 30 కిలోమీటర్లు. కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం ఇంకో 150.

అంత దూరం ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్పాలంటే పాత సంగతి ఎత్తుకోవాలి. నిజాం 1800లో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన జిల్లాలు కాబట్టి మా వైపును దత్తమండలాలు అనేవారు. 1916లో అనంతపురంలో పెట్టిన కాలేజీకి కూడా సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అనే పేరు. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం అక్కడ పాఠాలు చెప్పినారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అన్న అర్థం మా పెద్దలకు రుచించలేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో దాన్ని తీసేసి రాయలసీమ అన్నారు. ఆ సభ మా జిల్లాలోనే జరిగిందని చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు కొంచెం పెద్దదవుతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టి, తర్వాత వాల్తేరు చేరింది. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని రాసుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో నీళ్ల మాట, రాజధాని మాట అందరికీ గుర్తుంటాయి. యూనివర్సిటీకి వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా ఒక కేంద్రం ఉండాలన్న మాట అందులోనే ఉంది. దాన్ని ఎవరూ తలచుకోరు. నేను తలచుకుంటాను, నా చదువు ఆ వాక్యంలోంచే వచ్చింది కాబట్టి. 1953లో కర్నూలు రాజధాని అయింది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. దాని పీజీ సెంటర్ 1968లో అనంతపురంలో తెరిచినారు. అదే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. ఒప్పందం నాటి నుంచి లెక్కేస్తే 44 ఏళ్లు.

నేను ఎమ్మెస్సీ గణితంలో చేరింది 1990లలో. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. 1968లో మొదలైన తెలుగు అకాడమీ వేసిన పుస్తకాలే మాకు ఆధారం. సమితి, ప్రమేయం, అవధి, సమూహం, వలయం, క్షేత్రం - ఈ మాటలతోనే ఆలోచించడం నేర్చినాను. క్లాసులో గ్రూప్, రింగ్, ఫీల్డ్ అని వినబడితే మొదటి నెల ఏమీ అందలేదు. నోట్‌బుక్‌లో పేజీ మధ్యన గీత కొట్టి, ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు మాట రాసుకున్నాను. దసరా సెలవులొచ్చే సరికి ఎడమవైపు చూడాల్సిన పని తగ్గింది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. తెలుగు మాటలు నన్ను వెనక్కి లాగినాయని ఎవరైనా అంటే ఒప్పుకోను. 'అవధి' అన్న మాట ముందే తెలియకపోతే లిమిట్ నాకు వట్టి గుర్తుగానే ఉండిపోయేది.

కంప్యూటర్ నేర్చుకోవాలని సెలవుల్లో కర్నూలులో ఒక ప్రైవేటు సెంటర్లో ఫీజు కట్టినాను. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి పోవాలి. ఒక్కో మెషీన్‌కు నలుగురం. నా వంతు వచ్చేసరికి కరెంటు పోయేది. అందుకని ప్రోగ్రాం కాగితం మీదే నడిపేదాన్ని. దాన్ని డ్రై రన్ అంటారు. గ.సా.భా. ప్రోగ్రాంకు a, b అని రెండు గడులు గీసి, 252, 105 అని నాయన వరండా కొలతలే అంగుళాల్లో వేసుకున్నాను. కింది వరుసలో 105, 42. దాని కింద 42, 21. ఆఖరున 21, 0. రెండో గడిలో సున్నా పడగానే ఆగాలి. సీ భాషలో వైల్ లూప్ అంటే ఏమిటో నాకు ఆ కాగితం మీద తెలిసింది. నాయన దారం చేసిన పనీ అదే కదా!

మా అక్క నాకంటే లెక్కల్లో చురుకు. అయినా అనంతపురం హాస్టల్‌కు ఆడపిల్లను పంపడం అప్పట్లో ఇంట్లోవాళ్లకు నచ్చలేదు. డిగ్రీతో ఆపించి పెళ్లి చేసినారు. నా వంతు వచ్చేసరికి నాయన మెత్తబడినాడు. అక్క ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ సంగతి నా దగ్గర ఎత్తలేదు.

2008లో కర్నూలులో ఉన్న పీజీ సెంటరే రాయలసీమ విశ్వవిద్యాలయం అయింది. నంద్యాల సభలో పెట్టుకున్న పేరు 80 ఏళ్లకు ఒక యూనివర్సిటీ బోర్డు మీదికెక్కింది. 2015లో మొదలైన ఐఐఐటీ కూడా తర్వాత కర్నూలుకు వచ్చింది, జగన్నాథగట్టు మీదికి. మా అక్క కూతురు రాయలసీమ యూనివర్సిటీలోనే గణితం చదివింది. పొద్దున బస్సెక్కి పోయి, సాయంత్రం నందికొట్కూరులో దిగేది. ఎవరినీ ఒప్పించాల్సిన పని పడలేదు.

ఒకసారి అది ల్యాప్‌టాప్ తెచ్చి మా నాయన మంచం మీద కూర్చుని, పైథాన్‌లో గ.సా.భా. నాలుగు వరుసల్లో రాసి చూపించింది. కొలతలు నేనే చెప్పినాను. తెర మీద 21 పడింది. నాయన కళ్లద్దాలు సర్దుకుని చూసినాడు.

"బండలెన్ని పట్టినాయో చెప్తదా అది?"

అక్క కూతురు ఇంకో వరుస రాసింది. "60 తాతా."

"60కి పైన రెండు తెప్పిస్తి. ఒకటి దింపేటప్పుడే పగిలె" అన్నాడు నాయన.